కమ్‌జోరీకి కొత్త పేరు: అడ్రినల్ గ్రంథి తవారీఖ్



మన ఇళ్ళల్లో "కమ్‌జోరీ" అన్నది అన్ని జబ్బులకీ సరిపోయే మాట. పొద్దున్న మంచం దిగాలంటే ఒళ్ళు లేవదు, కమ్‌జోరీ. రెండు మెట్లెక్కితే ఆయాసం, కమ్‌జోరీ. కాన్పయిన బహూకి కళ్ళు తిరుగుతాయి, కమ్‌జోరీ. ఇప్పుడు దీనికి ఇంగ్లీషు పేరు ఒకటి వచ్చి చేరింది: అడ్రినల్ ఫటీగ్. వాట్సాప్‌లో ఖాలా పంపిస్తుంది, యూట్యూబ్‌లో కోటు వేసుకున్న ఒకాయన చెబుతాడు. టెన్షన్లు ఎక్కువై కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు అలిసిపోయాయట, ఒంట్లో కార్టిసాల్ అయిపోయిందట. దానికి ఉమ్మితో చేసే ఒక టెస్టు, ఆ టెస్టు చూసి అమ్మే కొన్ని వేల రూపాయల డబ్బాలు.

ఇందులో అసలియత్ ఎంత? థకాన్ నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ పేరుకి మాత్రం సబూత్ లేదు. పోనీ పేరే కదా అని వదిలేద్దామంటే, ఆ పేరు వెనకాల రెండు నిజమైన మర్జ్‌లు దాక్కుని ఉన్నాయి. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. అందులో ఒకటి మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మనుషులు చేజేతులా తెచ్చుకునేది. అది అర్థం కావాలంటే ఈ గ్రంథి తవారీఖ్ కాస్త తెలియాలి.

చికాకోల్ నాటి తిబ్

శ్రీకాకుళానికి పాత కాగితాల్లో పేరు చికాకోల్. గోల్కొండ కుతుబ్‌షాహీల సల్తనత్‌కి ఈశాన్యపు కొస ఈ చికాకోల్ సర్కార్. 1640ల్లో ఫౌజ్‌దార్ షేర్ మొహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఊళ్ళో నిలబడే ఉంది. ఆ తర్వాతి శతాబ్దంలో ఇక్కడ ఫౌజ్‌దారీ చేసిన అన్వరుద్దీన్ ఖానే తర్వాత ఆర్కాట్ నవాబయ్యాడు. ఆ సల్తనత్ రాజధాని హైదరాబాదులో మొహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590ల్లో దారుష్షిఫా కట్టించాడు. అది దవాఖానా, తిబ్ నేర్పే మదరసా కూడా. నబ్జ్, మిజాజ్, పర్హేజ్, నుస్ఖా, కమ్‌జోరీ లాంటి మాటలు మన ఇళ్ళల్లో ఇంకా వినబడుతున్నాయంటే ఆ తిబ్ నీడ ఎంత పొడుగో తెలుస్తుంది.

ఆ తిబ్‌కి పెద్ద కితాబ్ ఇబ్న్ సీనా రాసిన అల్ ఖానూన్. ఇబ్న్ సీనా 1037లో పోయారు. ఆయన కితాబ్‌లో ఒంటిని ఏలే అవయవాల్లో దిల్ ఉంది, దిమాగ్ ఉంది, జిగర్ ఉంది. అడ్రినల్ గ్రంథి ఊసు లేదు. అంతకు ముందు యూనానీ హకీములకీ ఆ గ్రంథి పని తెలియదు. కాబట్టి "మన పూర్వీకుల తిబ్‌లో అడ్రినల్ ఫటీగ్‌కి ఇలాజ్ ఉంది" అని ఎవరైనా సీసా అమ్మితే, ఆ మాట తిబ్ పేరు చెప్పి చేసే వ్యాపారం.

అయితే ఆ తిబ్‌లో ఒక పాఠం మాత్రం గట్టిది. మనిషి సెహత్‌కి తప్పనిసరి అయినవి ఆరు అంటుంది అది. వాటిని అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా అంటారు. గాలి, తిండి, నీరు, ఒంటి కదలిక, విశ్రాంతి, మనసు కదలిక, విశ్రాంతి, నిద్ర, మెలకువ, ఒంట్లో నిలవాల్సింది నిలవడం, పోవాల్సింది పోవడం. నిద్రా మెలకువల్ని తిండితో సమానంగా లెక్కపెట్టిన ఆ పాత లెక్క మనకి ఈ వ్యాసం చివర్లో పనికొస్తుంది.

పని తెలియని గ్రంథి

1564లో రోమ్ నగరంలో బార్తొలొమియో యూస్టాకీ అనే వైద్యుడు కిడ్నీల నెత్తిన టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథుల గురించి రాశాడు. ఒక్కోటి నాలుగైదు గ్రాములు. కుడివైపుది ముక్కోణంగా ఉంటుంది, ఎడమవైపుది హిలాల్ ఆకారంలో. ఉన్నాయని తెలిసింది కానీ ఎందుకున్నాయో తెలియలేదు. 1718లో ఫ్రాన్సులోని బోర్డో అకాడమీ ఈ గ్రంథుల పనేమిటో చెప్పమని వ్యాసాల పోటీ పెట్టింది. తీర్పు చెప్పాల్సిన మాంటెస్క్యూ అన్నీ చదివి ఎవరికీ ఇనామ్ ఇవ్వలేదు. ఒక్కరూ ఒప్పించలేకపోయారు.

జవాబు మొదట దొరికింది లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో. అక్కడి డాక్టర్ థామస్ ఆడిసన్ 1855లో ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో 11 మంది మరీజ్‌ల కథ ఉంది. అందరిదీ అంతుపట్టని నీరసం. ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గిపోవడం, నబ్జ్ బలహీనపడటం, వీటికి తోడు ఒళ్ళు విచిత్రంగా నల్లబడటం. వాళ్ళు చనిపోయాక కోసి చూస్తే అడ్రినల్ గ్రంథులు పాడైపోయి ఉన్నాయి. చాలామందిలో వాటిని తినేసింది క్షయ. మరుసటి ఏడాదే బ్రౌన్-సెకార్ అనే శాస్త్రవేత్త జంతువుల్లో ఈ రెండు గ్రంథులూ తీసేస్తే అవి బతకవని చూపించాడు. నాలుగైదు గ్రాముల మాంసం ముక్క లేకపోతే జాన్ నిలవదని అలా తేలింది.

ఈ మర్జ్‌కి ఆడిసన్ జబ్బు అనే పేరు నిలిచిపోయింది. యూరప్, అమెరికాల్లో ఇప్పుడు దీనికి ఎక్కువగా కారణం శరీరం తన గ్రంథిని తానే దెబ్బతీసుకోవడం. మన దేశంలో ఆ కారణంతో పాటు క్షయ, కొన్ని రకాల ఫంగస్ ఇన్ఫెక్షన్లు ఇప్పటికీ లెక్కలో ఉన్నాయి. ఇది అరుదైన జబ్బే, కానీ గుర్తుపట్టకపోతే మనిషి దక్కడు. దాని నిషానీలు ఇంట్లో అమ్మీలకి తెలిసుండాలి: రోజురోజుకీ పెరిగే నీరసం, తగ్గే బరువు, తరచూ వాంతులు, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, ఉప్పు మీదికి మనసు పోవడం, అరచేతి గీతలు, చిగుళ్ళు, పాత గాయాల మచ్చలు నల్లబడటం. ఎండకి నల్లబడ్డాడనో, నజర్ తగిలిందనో అనుకుని వదిలేసే నలుపు ఇదే. ఇంట్లో ఎప్పుడో క్షయకి మందులు వాడిన వాళ్ళుంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

1948: రెండు నెలలు, రెండు ఖబర్లు

థకాన్ కథలో మన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయనా దాని బారిన పడి బతికి బయటపడ్డారు. అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి పనిచేసి, 1920ల చివర్లో కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీ అనే పదార్థాల్ని బయటపెట్టారు. కండరానికి తాకత్ ఎక్కడినుంచి వస్తుందో చెప్పే లెక్క అది. తర్వాత లెడర్లే కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. మన ఆడవాళ్ళకి కాన్పు ముందు ఆశా కార్యకర్త చేతిలో పెట్టే గోలీలో ఐరన్‌తో పాటు ఉండేది ఆ ఫోలిక్ యాసిడే. థకాన్‌కి పేరు పెట్టి ఊరుకోకుండా దాని జడ్ ఎక్కడుందో వెతికిన మనిషి సుబ్బారావు గారు. 1948 ఆగస్టులో ఆయన ఇంతఖాల్ అయ్యారు.

సరిగ్గా మరుసటి నెల, 1948 సెప్టెంబర్ 21న, అమెరికాలోనే మేయో క్లినిక్‌లో ఇంకో కథ మొదలైంది. హైదరాబాదు రియాసత్ నుంచి వచ్చిన ఖాందాన్లకి ఆ సెప్టెంబర్ వేరే కారణంతో గుర్తుంటుంది. మేయోలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు కీళ్ళవాతంతో కదల్లేని 29 ఏళ్ళ ఆమెకి "కాంపౌండ్ ఈ" అనే మందు సూది ద్వారా ఇచ్చాడు. అడ్రినల్ గ్రంథి పై పొరలోంచి ఎడ్వర్డ్ కెండల్ విడదీసిన పదార్థం అది. పశువుల గ్రంథుల్ని టన్నులకొద్దీ పిండినా కాస్తే వచ్చేది కాబట్టి, మెర్క్ కంపెనీ కెమిస్టులు ఎద్దుల పిత్తం నుంచి దాన్ని తయారుచేసి ఇచ్చారు. మంచంలో పక్కకి తిరగలేని మనిషి వారం తిరక్కుండా నడిచింది. ఆ మందే కార్టిసోన్. 1950లో హెంచ్, కెండల్‌లకీ, స్విట్జర్లాండ్‌లో ఇదే పని చేసిన రైఖ్‌స్టైన్‌కీ నోబెల్ వచ్చింది. సుబ్బారావు గారు పనిచేసిన లెడర్లే కంపెనీ కూడా ఆయన పోయాక, 1950ల చివర్లో, ఇదే ఖాందాన్‌కి చెందిన ట్రైయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్‌ని బజారులోకి తెచ్చింది.

కరామత్ అనుకున్న మందు తన అసలు రంగు త్వరగానే చూపించింది. వాడినవాళ్ళ మొహాలు చంద్రుడిలా గుండ్రమయ్యాయి. పొట్ట పెరిగి కాళ్ళు చేతులు సన్నబడ్డాయి. షుగరు, బీపీ ఎక్కాయి, ఎముకలు గుల్లబారాయి. 1952లో అమెరికన్ డాక్టర్లు ఇంకో భయంకరమైన సంగతి రాశారు. చాలాకాలం కార్టిసోన్ వాడిన ఒక యువకుడికి తుంటి ఆపరేషన్ చేస్తే, ఆపరేషన్ బాగానే జరిగినా కొన్ని గంటల్లో బీపీ పడిపోయి చనిపోయాడు. చూస్తే అడ్రినల్ గ్రంథులు ముడుచుకుపోయి ఉన్నాయి.

కారణం ఇది. మెదడు కింద పిట్యూటరీ అనే ఇంకో గ్రంథి ఉంది. రక్తంలో కార్టిసాల్ తగ్గితే అది "తయారుచెయ్యి" అని అడ్రినల్‌కి కబురు పంపుతుంది. బయటినుంచి రోజూ స్టెరాయిడ్ వస్తుంటే ఇక కబురు ఎందుకని ఊరుకుంటుంది. కబురు రాని అడ్రినల్ నిద్రపోతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో రోజుకి తయారయ్యే కార్టిసాల్ సుమారు 10 నుంచి 20 మిల్లీగ్రాములు. ఒక్క 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ గోలీ 20 మిల్లీగ్రాముల కార్టిసాల్‌కి సమానం. మూడు నాలుగు వారాలు దాటి అంతకన్నా ఎక్కువ డోసు వాడినవాళ్ళకి గ్రంథి నిద్రలోకి జారే ఖతరా ఉంటుంది. అప్పుడు మందు టక్కున ఆపేస్తే ఒంట్లో కార్టిసాల్ ఉండదు, గ్రంథి లేచి తయారుచెయ్యడానికి నెలలు పట్టవచ్చు. "అలసిపోయిన అడ్రినల్" అంటూ ఏదైనా ఉంటే అది ఇదే. టెన్షన్ వల్ల రాదు, మందుల వల్ల వస్తుంది.

మన పల్లెల్లో ఆ మందు

ఈ మందు మన పల్లెలకి చీటీ మీద రాదు, పొట్లంలో వస్తుంది. మోకాళ్ళు పీకుతున్నాయని సంతలో పొడి కొనుక్కుంటారు. మొదటి రోజే నొప్పి ఎగిరిపోతుంది, ఆకలి పుడుతుంది, మొహం నిండుగా కనిపిస్తుంది. "దవా బాగా పనిచేస్తోంది" అంటారు. దేశీ మందు పేరుతో అమ్మే పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం దేశమంతటా డాక్టర్లు మళ్ళీ మళ్ళీ చూస్తున్న సంగతే. ఉబ్బసానికి, దురదకి, నొప్పులకి పేరు చెప్పకుండా ఇచ్చే చిన్న తెల్ల గోలీలు, సూదులు కూడా ఇదే కోవ. 2020 జూన్‌లో డెక్సామెథసోన్ కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్ళ ప్రాణాలు కాపాడుతుందని బ్రిటన్ పరిశోధన చెప్పింది. 2021 వేసవిలో ఆక్సిజన్ బాగానే ఉన్నవాళ్ళు కూడా ఇంట్లో కూర్చుని అదే మందు మింగారు. ఆ వేసవే బ్లాక్ ఫంగస్ ఎన్ని కళ్ళు తీసిందో మర్చిపోలేం. షుగరు అదుపులో లేకపోవడం, స్టెరాయిడ్ విచ్చలవిడిగా వాడటం దానికి దారి తీసినవాటిలో ముఖ్యమైనవి.

ఇలాంటి పొడి ఆరు నెలలు వాడిన నానీమాకి పొడి అయిపోయిందనుకోండి. సంత రోజుదాకా ఆగుదామనుకుంటుంది. మూడో రోజుకి వాంతులు, కడుపునొప్పి, లేవలేని నీరసం. జ్వరమో, విరేచనాలో తోడైతే బీపీ పడిపోయి స్పృహ తప్పుతుంది. ఇంట్లోవాళ్ళు గ్లూకోజ్ ఎక్కించమంటారు. ఆమెకి కావలసింది హైడ్రోకార్టిసోన్ సూది. అది ఇవ్వాలని డాక్టరుకి తట్టాలంటే, ఆమె ఏం మింగిందో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పొట్లం కాగితాన్ని పారెయ్యకుండా ఆస్పత్రికి పట్టుకెళ్ళండి. సిగ్గుపడాల్సింది ఆమె కాదు, పేరు చెప్పకుండా అమ్మినవాడు.

ఈ స్టెరాయిడ్ కమ్‌జోరీకి ఒళ్ళు నల్లబడదు. మొహం గుండ్రంగా ఉంటుంది, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది. ఆడిసన్ జబ్బుకీ దీనికీ కంటికి కనిపించే ఫరక్ అదే.

పేరు ఎలా పుట్టింది

మరి "అడ్రినల్ ఫటీగ్" ఎక్కడిది? ప్రతి జమానాలోనూ థకాన్‌కి ఒక పేరు పుట్టింది, దాని వెనకే ఒక టానిక్ పుట్టింది. 1869లో అమెరికాలో జార్జ్ బియర్డ్ అనే డాక్టరు దానికి న్యూరస్థీనియా అని పేరు పెట్టాడు, అంటే నరాల నిస్సత్తువ. కొన్ని దశాబ్దాలు ఆ పేరు మీద సీసాలు అమ్ముడుపోయాయి. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలు చేసి, ఏ రకమైన కష్టం వచ్చినా ఒళ్ళు ఒకే తీరులో జవాబిస్తుందని రాశాడు. మొదట ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుంటుంది, కష్టం మరీ పొడుగైతే చివరికి ఓడిపోతుంది. ఆ "ఓడిపోవడం" అనే మాటని పట్టుకుని 1998లో జేమ్స్ విల్సన్ అనే అమెరికన్ కైరోప్రాక్టర్ అడ్రినల్ ఫటీగ్ అనే పేరు తయారుచేశాడు. తర్వాత పుస్తకం రాశాడు. పుస్తకం వెనక మందుల డబ్బాలు వచ్చాయి.

2016లో బ్రెజిల్‌కి చెందిన ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా ఈ విషయం మీద వచ్చిన 58 అధ్యయనాల్ని వరసపెట్టి చూశారు. అలాంటి జబ్బు ఉందనడానికి సబూత్ దొరకలేదని తేల్చారు. హార్మోన్ డాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఎండోక్రైన్ సొసైటీ మాటా అదే. మంచి గ్రంథి కష్టం వస్తే ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. పెద్ద ఆపరేషన్, తీవ్రమైన ఇన్ఫెక్షన్ లాంటివి వచ్చినప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు తయారవుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస చుట్టుపక్కల జీడితోటల్నీ కొబ్బరితోటల్నీ పడగొట్టింది. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళంతా ఫికర్‌తో బతికిన కుటుంబాల థకాన్‌ని ఎవరు కాదంటారు? అంత కాలం సాగే ఫికర్ నిద్రని చెడగొడుతుంది, బీపీని, షుగర్నీ కదిలిస్తుంది, మనసుని కుంగదీస్తుంది. కార్టిసాల్ లయని కూడా మార్చగలదు. కానీ గ్రంథి ట్యాంకులా ఖాళీ అయిపోదు. అందుకని ట్యాంకు నింపుతామనే డబ్బాతో ఇలాజ్ జరగదు.

ఆ డబ్బాల్లో ఏముందో కూడా చూడాలి. 2018లో అమెరికాలో దుకాణాల్లో దొరికే 12 రకాల "అడ్రినల్ సపోర్ట్" మందుల్ని పరీక్షిస్తే, అన్నింట్లోనూ థైరాయిడ్ హార్మోన్ కనిపించింది, సగానికి పైగా వాటిలో ఏదో ఒక స్టెరాయిడ్ హార్మోన్ దొరికింది. లేబుల్ మీద మాత్రం వాటి పేరు లేదు. అంటే లేని జబ్బుకని మింగి, పైన చెప్పిన అసలు జబ్బుని తెచ్చుకునే అవకాశం ఉంది. కొన్నింట్లో ఎండబెట్టిన జంతువుల అడ్రినల్ పొడి వేస్తారు. అది ఏ జంతువుదో, ఎలా కోసిందో రాసి ఉండదు. హలాల్ గురించి బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూసే మనం దీన్ని చూడకుండా మింగేస్తున్నాం. చాలా డబ్బాల్లో ములేఠీ, అంటే అతిమధురం, ఉంటుంది. దగ్గుకి చిన్న ముక్క నోట్లో వేసుకుంటే పర్వాలేదు. వారాల తరబడి ఎక్కువ మోతాదులో తింటే బీపీ ఎక్కుతుంది, రక్తంలో పొటాషియం పడిపోతుంది.

థకాన్ జడ్ ఎక్కడుందో

కమ్‌జోరీ అన్న మనిషికి మొదట చూడాల్సినవి మామూలు సంగతులే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి బహూ కళ్ళు తిరిగిందంటే మొదటి ప్రశ్న హిమోగ్లోబిన్ ఎంత అన్నదే. ఆ తర్వాత థైరాయిడ్, షుగరు, బి12. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే కఫం పరీక్ష. రాత్రి గట్టిగా గురకపెట్టి పగలు తూగేవాళ్ళకి నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో చూడాలి. దేని మీదా మనసు నిలవక, ఇష్టమైనవి కూడా చేదయిపోతే అది డిప్రెషన్ కావచ్చు. దానికీ ఇలాజ్ ఉంది, అందులో ఈమాన్ తక్కువ కావడమేమీ లేదు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ ఉద్దానం మండలాల్లో నీరసం అంటే ముందు క్రియాటినిన్ చూడాలి. అక్కడి కిడ్నీ జబ్బు ఎంతోకాలం నొప్పి లేకుండా, వట్టి నీరసంగానే మనిషిని తింటుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఆరు నెలలు అడ్రినల్ డబ్బాలు మింగుతూ గడిపేస్తే, ఆ ఆరు నెలల్లో కిడ్నీ పోగొట్టుకున్నది తిరిగి రాదు.

నిజంగా అడ్రినల్ మీద షక్ ఉంటే దానికి పద్ధతి ఉంది. పొద్దున్న 8 గంటల ప్రాంతంలో తీసిన రక్తంలో కార్టిసాల్ చూస్తారు. డెసిలీటరుకి సుమారు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. 15కి పైన ఉంటే మామూలుగా భయం లేదు. మధ్యలో ఉంటే గ్రంథిని సూదిమందుతో లేపి చూసే ఇంకో టెస్టు చేస్తారు. ఇది హార్మోన్ డాక్టరు చెయ్యాల్సిన పని. 1923లో మొదలైన విశాఖ వైద్య కళాశాల, అదే ఇప్పటి ఆంధ్రా మెడికల్ కాలేజీ, దాని కింగ్ జార్జ్ ఆస్పత్రి ఎంతోకాలం ఉత్తరాంధ్ర మొత్తానికి దిక్కు. శ్రీకాకుళానికి 2008లో, విజయనగరానికి 2023లో సొంత ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. రక్తహీనత, థైరాయిడ్, క్రియాటినిన్ కోసం ఇప్పుడు విశాఖ బస్సు ఎక్కక్కర్లేదు.

నిద్రా మెలకువల లెక్క

కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండదు. అర్ధరాత్రి వేళ అన్నిటికంటే తక్కువ. తెల్లవారుజామున రెండు మూడు గంటల నుంచి ఎక్కడం మొదలవుతుంది. లేచిన అరగంట, ముప్పావుగంటకి శిఖరం మీద ఉంటుంది. తర్వాత సాయంత్రందాకా మెల్లగా దిగుతుంది. అందుకే ఏ వేళ తీశారో తెలియకుండా కార్టిసాల్ ఎక్కువా తక్కువా అనడం అర్థంలేని మాట. రాత్రి షిఫ్టు చేసే జూట్ మిల్లు కార్మికుడికీ, రెండు గంటలదాకా మొబైల్ చూసే కుర్రాడికీ ఈ గడియారం తలకిందులవుతుంది. హకీములు నిద్రనీ మెలకువనీ ఆరు జరూరియాత్‌లో ఒకటిగా ఎందుకు లెక్కపెట్టారో హార్మోన్ పేరు తెలియకుండానే వాళ్ళకి అనుభవం చెప్పింది.

రంజాన్‌లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. 2013లో జిద్దా పరిశోధకులు రంజాన్ నెలలో ఆరోగ్యవంతుల కార్టిసాల్ కొలిచారు. పొద్దునా సాయంత్రం మధ్య ఉండాల్సిన తేడా చెదిరిపోయింది. అక్కడి వాళ్ళు రాత్రంతా మేలుకుని పగలు పడుకునే అలవాటు అందులో పెద్ద భాగం. తరావీహ్ అయ్యాక బజారులో, మొబైల్‌లో సహరీదాకా గడిపేసి, పొద్దున్న "రోజా వల్ల కమ్‌జోరీ" అంటే రోజాకి అన్యాయం చేసినట్టే. తరావీహ్ తర్వాత పడుకుని సహరీకి లేవండి, జుహర్ తర్వాత ఒక చిన్న కునుకు తియ్యండి. చాలామంది థకాన్ దీంతోనే దిగుతుంది.

అడ్రినల్ జబ్బు ఉన్నవాళ్ళు, చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు రంజాన్‌కి నెల ముందే డాక్టరుతో మాట్లాడాలి. కొందరికి మందు రకం, వేళ మార్చి రోజాకి అనుమతిస్తారు. కొందరికి వద్దంటారు. వద్దంటే మరీజ్‌కి దీన్ ఇచ్చిన రుఖ్సత్ ఉంది, ఫిద్యా ఉంది. రోజాలో ఉండగా కళ్ళు తిరిగి, వాంతులై, చెమటలు పడితే ఆ క్షణమే ఇఫ్తార్ చేసి మందు వేసుకోవాలి. జ్వరం వస్తే డోసు ఎంత పెంచాలో ముందే రాయించుకోవాలి. "నేను స్టెరాయిడ్ మీద ఉన్నాను, ఆపకూడదు" అని రాసిన చీటీ ఎప్పుడూ జేబులో ఉండాలి. హజ్‌కి, ఉమ్రాకి వెళ్ళేవాళ్ళయితే మందు రెండు చోట్ల పెట్టుకోవాలి, సామాను తప్పిపోయినా ఒకటి చేతిలో ఉంటుంది.

ఈ జుమ్మా తీరిక చేసుకుని ఇంట్లో మందుల డబ్బా ఒకసారి బయటికి తియ్యండి. పేరు లేని పొడి, పేరు లేని గోలీ ఉంటే పక్కన పెట్టండి. కానీ ఎవరైనా రోజూ వాడుతుంటే అదే రోజు ఆపించకండి. పొట్లంతో సహా వాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఆయన మెల్లమెల్లగా తగ్గిస్తాడు. ఇంట్లో ఎవరైనా కమ్‌జోరీ అంటే టానిక్ సీసా తెచ్చేముందు పక్కన కూర్చుని అడగండి: ఎన్నాళ్ళ నుంచి? బరువు తగ్గావా? రాత్రి నిద్ర పడుతోందా? ఏం మింగుతున్నావు? ఆడిసన్ ఆ 11 మందిని ఇలా ఓపిగ్గా చూసి, అడిగి తెలుసుకోబట్టే ఈ మర్జ్ దొరికింది. అల్లాహ్ అందరికీ షిఫా ఇవ్వాలి. ఆమీన్.